ఇంటి ఆవరణలోని పెద్ద చెట్లని ఎండాకాలం దాటించడం, తుపానుకి నిలబెట్టడం ఎలా: ఒంగోలు, నెల్లూరు తీరం వాళ్ల కోసం

చీరాల నుంచి ఒంగోలు, కావలి మీదుగా నెల్లూరు దాకా పాత ఇళ్లలో ముప్పై, నలభై ఏళ్ల వేప, మామిడి, చింత, కొబ్బరి చెట్లు ఇప్పటికీ చాలానే ఉన్నాయి. అవి చల్లగా ఉండాలనుకునే వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

సముద్రం పక్కనే ఉన్నా మనది పొడి ప్రాంతం. కోనసీమలో పనికొచ్చే పద్ధతులన్నీ ఇక్కడ పనికిరావు. నెల్లూరు వైపు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబర్, డిసెంబర్ మధ్యే కురిసిపోతుంది. సంక్రాంతి దాటాక మళ్లీ నేల లోపలిదాకా తడవాలంటే ఆరేడు నెలలు ఆగాలి. మే, జూన్ నెలల్లో పొద్దున్నించే పడమటి గాలి వడగాలై కొడుతుంది, సముద్రపు గాలి మధ్యాహ్నం దాటితే గానీ రాదు. బోరు నీళ్లలో ఉప్పు. ఇవన్నీ తట్టుకున్న చెట్టు మీదికి చివర్లో తుపాను.

"అంత పెద్ద చెట్టుకి మనం చేసేదేముంది, దాని మానాన అది బతుకుతుంది" అంటారు చాలామంది. ఒకప్పుడు బతికింది నిజమే. అప్పుడు దాని చుట్టూ మట్టి ఉండేది, బావిలో నీళ్లు పైపైనే ఉండేవి. ఇప్పుడు చుట్టూ గచ్చు, పక్కనే బోరు. పెద్ద చెట్టుకి మనం చేయాల్సిన సేవలో ముప్పావు వంతు నేలకి చేసేదే. కొమ్మల సంగతి ఆ తర్వాత.

ముందు వేర్లు ఎక్కడున్నాయో చూసుకోండి

మిట్టమధ్యాహ్నం చెట్టు నీడ అంచు ఎక్కడ పడుతోందో చూసి, సున్నంతోనో ముగ్గుతోనో గీత గీయండి. నీళ్లు, పోషకాలు పీల్చుకునే సన్నవేర్లు ఎక్కువగా ఆ గీతకి అటూ ఇటూ ఉంటాయి. చాలా చెట్లకి గీత దాటి ఇంకా అంత దూరం కూడా పోతాయి. లోతు మాత్రం తక్కువ. ఎక్కువ భాగం పై అడుగున్నర, రెండడుగుల మట్టిలోనే ఉంటాయి. తల్లివేరు పాతాళానికి పోయి నీళ్లు తెచ్చుకుంటుందని నమ్మి ఊరుకోవద్దు. ముదురు చెట్టుకి రోజువారీ తిండి పెట్టేది ఈ పైపై వేర్లే.

కాబట్టి చెట్టు మొదట్లో బకెట్టు నీళ్లు గుమ్మరిస్తే పెద్దగా లాభం లేదు. మొదట్లో ఉన్న లావు వేర్లు చెట్టుని నిలబెట్టడానికి. పైగా మాను ఎప్పుడూ తడిగా ఉంటే బెరడు కుళ్లుతుంది, చెదలు చేరతాయి. కొబ్బరి సంగతి ఒక్కటే వేరే. దాని వేర్లు ఎక్కువగా మొదలు చుట్టూ ఆరడుగుల లోపే ఉంటాయి, అందుకని మొదలు నుంచి చుట్టూ ఆరడుగుల దాకా పాదు చేసి నీళ్లు పెడితే చాలు.

గచ్చు, మెరక

మన ఊళ్లలో పెద్ద చెట్లని ఎక్కువగా చంపుతున్నవి ఈ రెండే అని నా గట్టి నమ్మకం. రోడ్డు ఎత్తు పెరిగింది కదా అని ఇంటి ఆవరణలో నాలుగైదు ట్రాక్టర్ల మట్టి తోలించి మెరక చేస్తారు. చెట్టు మొదట్లో అడుగు, అడుగున్నర ఎత్తున మట్టి చేరుతుంది. కింద వేర్లకి గాలి అందదు. చెట్టు వెంటనే చావదు, అందుకే ఎవరికీ అనుమానం రాదు. రెండు మూడేళ్లకి చిటారు కొమ్మలు ఎండటం మొదలవుతుంది. అప్పుడు తెగులు అనుకుని మందు కొట్టిస్తారు.

మీ చెట్టు మొదలు చూడండి. మాను నేలలోకి దిగేచోట వేర్లు పక్కలకి విచ్చుకున్నట్టు వెడల్పుగా కనిపించాలి. స్తంభంలా నిటారుగా మట్టిలోకి దిగిపోతే మొదలు పూడిపోయిందని అర్థం. గునపం పెట్టకుండా చేత్తోనో, చిన్న తాపీతోనో మెల్లగా మట్టి తీస్తూ ఆ విచ్చుకునే చోటు బయటపడేదాకా చుట్టూ రెండు మూడడుగులు ఖాళీ చేయండి. వాననీళ్లు అక్కడ నిలవకుండా ఒక పక్కకి వాలు ఇవ్వండి. ఇంకా మెరక చేయించాల్సి ఉంటే నీడ గీత లోపల వీలైనంత మేర పాత మట్టం అలాగే ఉంచి, అంచున ఇటుకలతో చిన్న గోడ కట్టించండి.

గచ్చు సంగతీ అంతే. చెట్ల మొదళ్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసేయాలని 2013లోనే జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీ అధికారులని ఆదేశించింది. మీటరు అనేది కనీసం మాత్రమే. ఇంట్లో అయితే నీడ గీత దాకా మట్టి ఉంచడం మంచిది. బండి పెట్టుకోవడానికి తప్పదంటే సిమెంటు పోయకుండా ఇసుక మీద కడప బండలు చేతివేళ్లు దూరేంత సందులతో పరిపించండి. ఆ సందుల్లోంచి నీళ్లు, గాలి రెండూ దిగుతాయి.

ప్రహరీ పునాదికీ, డ్రైనేజీ పైపుకీ తవ్వేటప్పుడు మేస్త్రీ పక్కనే ఉండి చూసుకోండి. మాను మందం రెండడుగులుంటే కనీసం ఎనిమిది, పదడుగుల దూరంలోనే గోతి ఉండాలి. మణికట్టంత వేరు అడ్డొస్తే నరక్కుండా దాని కింది నుంచి పైపు తోయించండి. ఒక పక్క వేర్లన్నీ తెగిన చెట్టు చూడటానికి బాగానే ఉంటుంది, తుపాను రోజు మాత్రం ఆ తెగిన వేర్ల దిక్కు నుంచి గాలి కొడితే పట్టు లేక ఒరిగిపోతుంది.

నీళ్లలో ఉప్పెంతో కొలవండి

ఆర్‌ఓ మిషన్లు బాగు చేసేవాళ్ల దగ్గర నీళ్లలో కరిగిన లవణాలెంతో చూపే టీడీఎస్ మీటరు ఉంటుంది. కొనుక్కున్నా కొన్ని వందల రూపాయలే. మీ బోరు నీళ్లని ఏప్రిల్‌లో ఒకసారి, డిసెంబర్‌లో ఒకసారి కొలవండి, తేడా తెలుస్తుంది. సాగునీటి గురించి ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఇచ్చిన లెక్క ప్రకారం టీడీఎస్ (లీటరుకి మిల్లీగ్రాముల్లో) 450 లోపు ఉంటే దిగులు లేదు. 450 నుంచి 2000 దాకా జాగ్రత్త పడాలి. 2000 దాటితే చాలా మొక్కలకి కష్టమే.

అయితే అన్ని చెట్లూ ఒకటి కాదు. కొబ్బరి, సపోటా, కానుగ ఉప్పుని బాగా తట్టుకుంటాయి. వేప, చింత మధ్యస్తం. మామిడి, నిమ్మ అసలు ఓర్చుకోలేవు. మామిడి ఆకు మీకు ఇట్టే చెప్పేస్తుంది. ముదురాకు ఒకటి కోసి చూడండి. ఉప్పు దెబ్బ అయితే ఆకు కొస నుంచి మొదలై రెండు అంచుల వెంటా ఇటుకరంగు ఎండు పట్టీ కనిపిస్తుంది, లోపలి భాగం మాత్రం పచ్చగానే ఉంటుంది. పట్టీకీ పచ్చదనానికీ మధ్య గీత గీసినట్టు తేడా తెలుస్తుంది. తెగులు అయితే మచ్చలు ఆకు మధ్యలో కూడా ఎక్కడ పడితే అక్కడ ఉంటాయి. ఈ తేడా తెలియక ఉప్పు దెబ్బకి కూడా తెగులు మందు కొట్టించేస్తుంటారు.

ఉప్పు నీళ్లే దిక్కయినప్పుడు రోజూ కాస్త కాస్త పెట్టడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి. పైపైన తడిసి, ఆ తడి ఆరిపోయి, ఉప్పు అక్కడే పేరుకుంటుంది. మట్టి మీద తెల్లగా బూజులా కనబడేది అదే. పెట్టినప్పుడు లోతుగా, ధారాళంగా పెట్టాలి. అప్పుడు ఉప్పు వేర్ల కిందికి జారుతుంది. ఏసీ నుంచి కారే నీళ్లలో ఉప్పు దాదాపు ఉండదు, పైపు మామిడి వైపు తిప్పండి. ఆర్‌ఓ మిషన్ వదిలేసే నీళ్లు మాత్రం మామూలు బోరు నీళ్లకన్నా ఉప్పన, అవి మామిడికి పోయొద్దు. వాషింగ్ మిషన్ నీళ్లూ ఎప్పుడూ ఒకే చెట్టుకి పోనివ్వకండి. ఇక అక్టోబర్ వానలొచ్చినప్పుడు మేడ మీది నీళ్లని వీధిలోకి వదలకుండా పైపుతో చెట్ల కిందికి మళ్లిస్తే, ఏడాదంతా చేరిన ఉప్పుని ఆ వాననీళ్లే కడిగేస్తాయి. ఈ ఒక్క పైపు ఖర్చు తప్పకుండా పెట్టండి.

ఎంత నీళ్లు, ఎన్నాళ్లకోసారి

ముందు తడి చూడటం నేర్చుకోండి. మూడడుగుల సన్నటి ఇనుప కడ్డీ, స్లాబులో వాడే 8 ఎంఎం ఊచ ముక్క చాలు. నీడ గీత దగ్గర నేలలోకి చేత్తో నొక్కండి. తడి ఉన్నంత లోతుకి సాఫీగా దిగి, ఎండు మట్టి తగలగానే ఆగిపోతుంది. అడుగున్నర దిగితే ఇంకా నీళ్లు అక్కర్లేదు. అరడుగుకే ఆగిందంటే పెట్టాలి. క్యాలెండర్ కన్నా ఈ కడ్డీని నమ్మండి.

ఇప్పుడు లెక్క. చదరపు మీటరు నేల మీద సెంటీమీటరు నీళ్లు నిలిస్తే 10 లీటర్లు. నీడ వ్యాసం 8 మీటర్లున్న మామిడి చెట్టు కింద దాదాపు 50 చదరపు మీటర్ల నేల ఉంటుంది. మొదలు దగ్గర వదిలేసి బయటి సగం, అంటే 25 చదరపు మీటర్లు తడుపుదాం. ఇసుక నేలలో అయిదు సెంటీమీటర్ల నీళ్లు అడుగున్నర లోతుకి దిగుతాయి. మొత్తం 1250 లీటర్లు. మేడ మీది వెయ్యి లీటర్ల ట్యాంకు ఒకటింబావు అన్నమాట. ఎక్కువనిపిస్తుంది గానీ, రోజూ రెండు బకెట్లు గుమ్మరించి ఎండకి ఆరబెట్టడం కన్నా ఇదే పొదుపు.

చీరాల, వేటపాలెం వైపు ఇసుక నేలల్లో నీళ్లు నిలవవు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా పది, పన్నెండు రోజులకోసారి పెట్టాలి. ఒంగోలు చుట్టుపక్కల రేగడి నేల తడిని పట్టి ఉంచుతుంది. ఒక్కో తడికి ఇసుకకి రెట్టింపు నీళ్లు కావాలి గానీ మూడు నాలుగు వారాలకోసారి చాలు. రేగడితో ఒక చిక్కుంది. వేసవిలో నేల నెర్రెలు విచ్చి, పెట్టిన నీళ్లన్నీ నెర్రెల్లోంచి అడుగుకి పోతాయి, పక్కన మట్టి పొడిగానే ఉండిపోతుంది. ముందు రోజు సాయంత్రం కొద్దిగా చల్లి నెర్రెలు మూసుకోనిచ్చి, తెల్లారి సన్నటి ధారతో రెండు మూడు గంటలు వదలండి.

ముదురు వేప, చింత చెట్ల కింద నేల గచ్చు లేకుండా ఉంటే వేసవి మొత్తానికి రెండు మూడు మంచి తడులు సరిపోతాయి. కొబ్బరికి నాలుగైదు రోజులకోసారి పాదులో 200 లీటర్ల దాకా కావాలి. మామిడికి పూతకి ముందు రెండు నెలలు నీళ్లు ఆపేయాలి. లేకపోతే పూతకి బదులు చిగురేస్తుంది. ఎలాగూ మనకి అప్పుడు వానలుంటాయి కాబట్టి పని తప్పినట్టే. పిందె బఠాణీ గింజంత అయ్యాక మళ్లీ మొదలుపెట్టండి.

రాలిన ఆకు కాల్చకండి

ఊడ్చి కుప్ప చేసి తగలబెట్టే ఆకే మీ చెట్టుకి కావాల్సింది. నీడ గీత దాకా మూడు నాలుగంగుళాల మందాన పరవండి, మానుకి మాత్రం జానెడు దూరం ఉంచండి. గాలికి ఎగిరిపోతుంటే పైన కొబ్బరి మట్టలు వేయండి. కొబ్బరి డొక్కలు, వేరుశనగ పొట్టు, ఊక కూడా పనికొస్తాయి. ఎండకి నేల కాలడం, తడి ఆరడం బాగా తగ్గుతాయి. పాములు చేరతాయన్న భయం ఉంటే నడిచే దారి పక్కన పలచగా వేసుకోండి. ఎరువు విషయానికొస్తే, వేపకీ చింతకీ ఏమీ అక్కర్లేదు. కాపు కాసే మామిడికి తొలకరిలో నీడ అంచు వెంట చివికిన పశువుల ఎరువు 50 కిలోలు వేస్తే బాగుంటుంది.

ఏ చెట్టుకి ఏం చూడాలి

వేప: మాఘ, ఫాల్గుణాల్లో ఆకంతా రాలిపోతే కంగారు వద్దు, ఉగాదికి చిగురు, పూత వస్తాయి. 2021 చివర్లో రెండు రాష్ట్రాల్లోనూ వేపచెట్లు పైనుంచి కిందికి మాడిపోవడం చూసి అందరం టెన్షన్ పడ్డాం. టీ దోమ అనే పురుగు లేత చిగురు రసం పీల్చడం, దాని వెంట ఫోమాప్సిస్ అనే బూజు తెగులు కొమ్మల్ని ఎండబెట్టడం కారణం. ఎన్నో చెట్లు ఆ తర్వాతి వేసవికే మళ్లీ చిగిర్చాయి. కాబట్టి ఎండినట్టు కనిపించగానే కొట్టించకండి. పుల్ల బెరడుని గోటితో గీకి చూడండి. లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉంది. నలభై అడుగుల చెట్టు మీద ఇళ్ల మధ్య మందు కొట్టించడం చెట్టుకన్నా మనుషులకి ప్రమాదం.

మామిడి: మాను మీద రంధ్రం, దాని కింద రంపపు పొట్టు రాలి ఉంటే కాండం తొలిచే పురుగు ఉన్నట్టే. సైకిల్ చువ్వ కొస వంచి లోపలికి పెట్టి పురుగుని లాగేయండి. అందకపోతే పెట్రోలులో ముంచిన దూది కుక్కి తడి మట్టితో మూసేయండి. దగ్గర నిప్పు లేకుండా చూసుకోండి. కొమ్మల మీద వేరే రకం ఆకు గుబురుగా కనిపిస్తే అది చెట్టు మీద బతికే బదనిక మొక్క. పైన ఆకు తుంచితే మళ్లీ వస్తుంది, అది పట్టిన కొమ్మని కాస్త కింది నుంచే కోయాలి.

కొబ్బరి: ఆకుల అడుగున తెల్లటి సుడులు, కింది ఆకుల మీద నల్లటి మసి ఉంటే సర్పిలాకార తెల్లదోమ. 2016లో మన దేశంలో మొదట తమిళనాడులోని పొల్లాచ్చి ప్రాంతంలో కనపడి, ఆ తర్వాత ఆంధ్రకీ పాకింది. దీనికి పురుగుమందులు కొట్టకండి, దాన్ని తినే మేలు చేసే పురుగులు చస్తాయి. మోటారు పైపుతో ఆకు అడుగున గట్టిగా నీళ్లు కొట్టించండి. ఎక్కువగా ఉంటే కోనసీమలోని అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం వాళ్లని అడగండి, దీని మీద పనిచేసే జీవ శిలీంధ్రం అక్కడ తయారుచేస్తారు. మొదట్లోంచి ఎర్రటి జిగురు కారుతుంటే సిగతోక తెగులు అనుమానించండి. పాదులో 5 కిలోల వేప పిండితో 50 గ్రాముల ట్రైకోడెర్మా (తెగులుని అణిచే మేలు చేసే శిలీంధ్రం) కలిపి వేస్తారు. ఇంకో మాట. కొబ్బరి మానుకి పడిన గాయం ఎప్పటికీ పూడదు. మేకులు కొట్టడం, ఎక్కడానికి మెట్లుగా గాట్లు పెట్టడం మాన్పించండి. పచ్చి మట్టలు కూడా నరికించొద్దు.

కొమ్మలు కోయించడం

చెట్లు కొట్టేవాళ్లతో బేరం కుదిర్చేటప్పుడు "కూలి వద్దు, కలప మేం తీసుకుపోతాం" అంటే ఒప్పుకోకండి. కూలి కలపే అయినప్పుడు గొడ్డలి లావు కొమ్మల మీదికే పోతుంది. డబ్బులు ఇచ్చి, కలప మీరే ఉంచుకోండి. ఏ కొమ్మలు కోయాలో ముందే ఎర్రగుడ్డ కట్టి చూపించండి.

ఎండిన కొమ్మ ఎప్పుడైనా తీయొచ్చు. పచ్చి కొమ్మలు జూలై, ఆగస్టుల్లో తీయించండి, మామిడికైతే కాయ దింపాక. ఏప్రిల్, మే నెలల్లో కోస్తే లోపలి కొమ్మల బెరడు ఎండకి కాలిపోతుంది. ఎంత తప్పనిసరైనా ఒక ఏడాది పచ్చదనంలో అయిదో వంతుకి మించి తీయకండి. గూళ్లు ఉన్నాయేమో చూసి మొదలుపెట్టండి.

తల నరికించడం మాత్రం వద్దు. గాలికి పడుతుందన్న భయంతో పై భాగమంతా మోడు చేయిస్తారు. అలా నరికిన చోట ఒక్కసారిగా పుట్టే కొమ్మలు బెరడు దగ్గర మాత్రమే అతుక్కుని ఉంటాయి. నాలుగేళ్లలో మళ్లీ అంత ఎత్తు పెరిగి, వచ్చే తుపానుకి అవే విరుగుతాయి.

లావు కొమ్మకి మూడు కోతలు. కొమ్మ మొదలు నుంచి అడుగున్నర దూరంలో కింది నుంచి సగం దాకా రంపం వేయండి. దానికి కాస్త అవతల పైనుంచి కోస్తే బరువంతా విరిగి పడిపోతుంది, మాను బెరడు చీలదు. మిగిలిన మొండెం తీసేటప్పుడు జాగ్రత్త. కొమ్మ మానుని కలిసేచోట ముడతలు పడ్డ ఉబ్బెత్తు పట్టీ ఒకటుంటుంది, చేత్తో తడిమితే తెలుస్తుంది. ఆ ఉబ్బుని తాకకుండా, దానికి ఆనుకునే కోయాలి. దాన్ని కోసేస్తే గాయం మూసుకోదు, మొండెం పొడుగ్గా వదిలితే అదే కుళ్లి లోపలికి పాకుతుంది. సరిగ్గా కోసిన గాయం చుట్టూ ఏడాది తిరిగేసరికి గుండ్రంగా కొత్త బెరడు చుట్టలా పెరుగుతూ కనిపిస్తుంది.

కోసినచోట తారు, ఆయిల్ పెయింటు పూయకండి. అమెరికా అటవీ శాఖ శాస్త్రవేత్త అలెక్స్ షైగో వేల చెట్లని నిలువునా కోసి పరిశీలించి, ఇలాంటి పూతలు కుళ్లుని ఆపలేవని చూపించాడు. తెగులు ఉన్న మామిడికి మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో పేస్టు పూయడం వేరే సంగతి, అది పూయొచ్చు. కరెంటు తీగల దగ్గర కొమ్మలు మాత్రం మీరు ముట్టుకోకండి. 1912కి ఫోన్ చేసి లైన్‌మన్‌ని పిలిపించి సరఫరా ఆపించాకే పని మొదలుపెట్టాలి.

తుపానుకి ముందు, తర్వాత

2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. 2010లో లైలా అయితే మే నెలలోనే వచ్చింది, అదీ బాపట్ల దగ్గరే. కాబట్టి ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్ చివర్లో, సెప్టెంబర్‌లో చెట్టు చుట్టూ తిరిగి చూడండి. ఇంటి మీదికి, వీధిలోకి వాలిన ఎండు కొమ్మలు, ఇంగ్లీషు వీ ఆకారంలో బిగుతుగా కలిసి మధ్యలో చీలిక కనిపించే కొమ్మలు, మొదట్లో గొడుగుల్లా పుట్టగొడుగులు, తడితే డొల్లగా మోగే మాను గుర్తుపెట్టుకోండి. గాలికి ముందు కొబ్బరి బోండాలు, ఎండు మట్టలు దింపించేయండి. తురాయి కలప పెళుసు, వేరు పైపైనే. అది ఇంటికి ఆనుకుని ఉంటే చింత, వేపకన్నా ఎక్కువ కనిపెట్టుకుని ఉండాలి.

గాలి తగ్గాక ముందు నేల చూడండి. చెట్టు ఒక పక్కకి ఒరిగి, రెండో పక్క మట్టి పైకి లేచి పగిలి ఉంటే దాని కిందికి ఎవర్నీ వెళ్లనివ్వకండి. పెద్ద చెట్టుని తాళ్లతో లాగి నిలబెట్టినా తెగిన వేర్లు అతుక్కోవు. తొడ లావు లోపు చెట్టయితే రెండు మూడు రోజుల్లోనే, మట్టి మెత్తగా ఉండగానే నిలబెట్టి మూడు వైపులా కట్టొచ్చు. తాడు బెరడుని కోయకుండా పాత సైకిల్ ట్యూబు చుట్టండి.

వాన తక్కువగా పడి ఒట్టి సముద్రపు గాలి కొట్టిపోతే ఆకుల మీద ఉప్పు మిగులుతుంది, రెండు రోజుల్లో అంచులు మాడతాయి. ఆ లోపే మంచినీళ్లతో అందినంత ఎత్తు కడగండి. ఆకు మాడి రాలినా కొమ్మ చచ్చినట్టు కాదు. ఆరేడు వారాలు ఆగి, చిగురు ఎక్కడిదాకా వచ్చిందో చూసి, అక్కడి నుంచి పైకి ఎండినదే కోయించండి. నిజంగానే తీసేయాల్సిన చెట్టయితే నీరు, భూమి, చెట్ల రక్షణకి తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం ఉంది. ఏ చెట్టుకి అనుమతి కావాలో మున్సిపాలిటీలోనో అటవీ శాఖ ఆఫీసులోనో అడిగి, పడబోయే చెట్టు ఫొటోలు అన్ని వైపుల నుంచీ తీసి దరఖాస్తుతో జతచేయండి.